ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న కారులో వెనక కాలిపర్ పిస్టన్‌ను లోపలికి పంపడం: సమగ్ర మార్గదర్శి

పోయిన ఎండాకాలం మా బావమరిది కారు వెనక బ్రేకులు కీచుమంటుంటే, ప్యాడ్లు మార్పిద్దామని ఊళ్లో ఒక గ్యారేజ్‌కు తీసుకెళ్లాం. పని చేసిన అబ్బాయికి బ్రేకుల పని కొత్త కాదు. చకచకా చక్రం విప్పాడు, పాత ప్యాడ్లు తీశాడు, ప్యాడ్లను తోసే పిస్టన్‌కు సి క్లాంప్ (మర తిప్పి బిగించే పనిముట్టు) పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. పిస్టన్ కాస్త లోపలికి వెళ్లి ఆగిపోయింది.

"పట్టేసిందన్నా, తుప్పు పట్టినట్టుంది" అని క్లాంప్ పిడికి ఒక పైపు తొడిగి ఇంకా గట్టిగా తిప్పాడు. లోపలెక్కడో టక్కున చిన్న చప్పుడైంది. పిస్టన్ వెళ్లింది. ప్యాడ్లు పడ్డాయి, చక్రం ఎక్కింది, డబ్బులిచ్చి వచ్చేశాం. మర్నాడు పొద్దున డ్యాష్‌బోర్డులో పార్కింగ్ బ్రేక్ హెచ్చరిక లైటు వెలిగింది. ఎడమ పక్క పార్కింగ్ బ్రేకు మోటారు గిర్రున తిరుగుతోంది గానీ బ్రేకు పట్టడం లేదు. చివరికి ఆ పక్క కాలిపర్ (పిస్టన్‌ను, ప్యాడ్లను పట్టి ఉంచే బ్రేకు భాగం) మొత్తం మార్చాల్సి వచ్చింది.

ఆ పిస్టన్‌కు తుప్పూ లేదు, గిప్పూ లేదు. దాని కడుపులో ఒక నట్టు అడ్డంగా నిలబడి ఉంది, అంతే. ఆ నట్టును ముందు వెనక్కి పంపి, తర్వాత పిస్టన్ మీద చెయ్యి వేసి ఉంటే రెండు వేళ్లతో తిప్పే బలం సరిపోయేది. అందుకే ఈ పనిని మొదటి నుంచి చివరి దాకా విడమరిచి రాస్తున్నాను.

పిస్టన్ లోపల ఏముంది

మామూలు డిస్క్ బ్రేకులో పిస్టన్ అంటే ఒక గిన్నె లాంటిది. పెడల్ తొక్కితే వెనక నుంచి బ్రేక్ ఆయిల్ దాన్ని తోస్తుంది, అది ప్యాడ్‌ను తోస్తుంది, ప్యాడ్ డిస్క్‌ను పట్టుకుంటుంది. పిస్టన్ చుట్టూ చదరపు అంచుల రబ్బరు సీల్ ఉంటుంది. పెడల్ వదిలినప్పుడు ఆ రబ్బరు తన ఆకారానికి తాను తిరిగి వస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. ప్యాడ్ అరిగే కొద్దీ పిస్టన్ ఆ మేరకు ముందుకు వచ్చి అక్కడే ఉండిపోతుంది. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి, అవి పట్టాలంటే పిస్టన్‌ను మళ్లీ లోపలికి పంపాల్సిందే.

ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న కాలిపర్‌లో దీనికి ఇంకో యంత్రాంగం తోడవుతుంది. కాలిపర్ వెనక నల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి బిగించి ఉంటుంది. అందులో 12 వోల్టుల చిన్న మోటారు, దాని వేగం తగ్గించి బలం పెంచే గేర్లు ఉంటాయి. ఆ గేర్లు కాలిపర్ లోపలికి వెళ్లే ఒక మరల స్క్రూను తిప్పుతాయి. స్క్రూ మీద ఒక నట్టు ఉంటుంది. ఆ నట్టు పిస్టన్ బోలు భాగంలో కూర్చుని ఉంటుంది, పిస్టన్‌కు మాత్రం అతికి ఉండదు. స్విచ్ పైకి లాగితే స్క్రూ తిరుగుతుంది, నట్టు ముందుకు జరుగుతుంది, పిస్టన్‌ను లోపల నుంచి తోసి టన్నుకు పైగా బలంతో ప్యాడ్లను డిస్క్‌కు నొక్కి పెడుతుంది. కారును వాలులో కదలకుండా నిలబెట్టేది అదే.

స్విచ్ కిందికి నొక్కి పార్కింగ్ బ్రేకు వదిలినప్పుడు నట్టు మొత్తం వెనక్కి వెళ్లదు. డిస్క్ స్వేచ్ఛగా తిరగడానికి ఎంత ఖాళీ కావాలో అంతే వెనక్కి వెళ్లి ఆగుతుంది. మళ్లీ లాగినప్పుడు వెంటనే పట్టాలి కదా! అందుకే "పార్కింగ్ బ్రేకు వదిలేశాను, ఇక క్లాంప్ పెట్టొచ్చు" అనుకుంటే పొరపాటు. పిస్టన్ కాస్త దూరం వెళ్లి నట్టుకు తగులుతుంది. అక్కడి నుంచి మీరు పెట్టే బలమంతా నట్టు మరల మీద, స్క్రూ మీద, దాని బేరింగ్ మీద పడుతుంది. అప్పుడే ఆ టక్కుమనే చప్పుడు వస్తుంది.

ముందు మీ కాలిపర్ ఏ రకమో తేల్చుకోండి

చక్రం వెనక నుంచి టార్చి వేసి చూడండి. కాలిపర్‌కు పిడికిలంత ప్లాస్టిక్ మోటారు, దానికి వైరు కనెక్టర్ కనిపిస్తే, ఈ వ్యాసం మీ కారు కోసమే. పిస్టన్‌ను నేరుగా తోయాలి, తిప్పకూడదు. జీప్ కంపాస్, ఫోక్స్‌వ్యాగన్ టిగువాన్ ఈ కోవలోవే. ఈ మధ్య మన రోడ్ల మీద ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకుతో కనిపించే క్రెటా, ఎక్స్‌యూవీ 700, ఇన్నోవా హైక్రాస్ లాంటి వాటిలో కొన్ని వేరియంట్లకే ఆ సౌకర్యం ఉంటుంది. కాబట్టి కారు పేరు చూసి కాకుండా కాలిపర్‌ను కళ్లతో చూసి నిర్ణయించుకోండి.

మోటారు లేకుండా కాలిపర్‌కు చిన్న ఇనప చెయ్యి, దానికి కేబుల్ ఉంటే అది పాత పద్ధతి హ్యాండ్ బ్రేకు. అక్కడ పిస్టన్‌ను తిప్పుతూ నొక్కాలి, దానికి వేరే పనిముట్టు ఉంటుంది. కొన్ని కార్లలో స్విచ్ ఎలక్ట్రిక్‌దే అయినా, కారు కింద ఒక మోటారు కేబుళ్లను లాగుతుంది. రెనో సెనిక్ రెండో తరం కారులో ఇలాగే ఉండేది. ఇంకొన్ని పెద్ద ఎస్‌యూవీల్లో, ఉదాహరణకు ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3లో, పార్కింగ్ బ్రేకు పని డిస్క్ మధ్యభాగంలో దాగిన చిన్న డ్రమ్ము బ్రేకు చేస్తుంది. అక్కడ కాలిపర్ పిస్టన్ మామూలుది, నేరుగా నొక్కేయొచ్చు.

మన మెకానిక్‌లలో చాలామంది చేతులు పాత పద్ధతికి అలవాటుపడ్డాయి. మోటారు ఉన్న కాలిపర్ పిస్టన్‌ను తిప్పే పనిముట్టుతో బలవంతంగా తిప్పితే రబ్బరు తొడుగు మెలిపడి చిరుగుతుంది, లోపల నట్టు కూడా ఇరుక్కుపోవచ్చు. మీరు స్వయంగా చేయకపోయినా, పక్కన నిలబడి "బాబూ, ఇది మోటారు కాలిపర్, ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టాలి" (అంటే నట్టును పూర్తిగా వెనక్కి పంపి ఉంచాలి) అని ఒక మాట చెప్పగలిగితే అదే చాలు.

పనికి ముందు

నేల చదునుగా ఉండాలి. ఇది అందరూ చెప్పే మాటే, కానీ ఇక్కడ దానికి ఇంకో కారణం ఉంది. సర్వీస్ మోడ్‌లోకి వెళ్లాక మీ కారుకు పార్కింగ్ బ్రేకు అనేదే ఉండదు. ఇంజిన్ బలంతో ముందు చక్రాలు తిరిగే కారయితే, ఆటోమేటిక్ గేరు పి లో పెట్టినా, మాన్యువల్ అయితే ఫస్ట్ గేరులో పెట్టినా ముందు చక్రాలు నేల మీద ఉంటాయి కాబట్టి కొంత పట్టు ఉంటుంది. ఇంజిన్ బలంతో వెనక చక్రాలు తిరిగే కారుకు ఆ భరోసా లేదు. వెనక భాగం ఎత్తగానే గేరు పట్టు గాల్లో కలిసిపోతుంది. ఏ కారైనా సరే, ముందు చక్రాలకు రెండు వైపులా చెక్కదిమ్మలో ఇటుకలో అడ్డం పెట్టండి. డిక్కీలో వచ్చే జాక్ మీద కారును ఉంచి చెయ్యి లోపలికి పెట్టొద్దు. జాక్ స్టాండ్ల మీద దించాకే పని మొదలుపెట్టండి.

చక్రాల నట్లను కారు నేల మీద ఉండగానే, పార్కింగ్ బ్రేకు పట్టి ఉండగానే సగం చుట్టు వదులు చేసుకోండి. సర్వీస్ మోడ్‌లోకి వెళ్లి, కారు ఎత్తాక వదులు చేద్దామంటే చక్రం గిర్రున తిరుగుతుంది.

బ్యాటరీ సంగతి చాలామంది మర్చిపోతారు. మోటారు తిరిగేటప్పుడు కరెంటు బాగా లాగుతుంది. పని మధ్యలో తలుపులు తెరిచి ఉంచడం, ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టడం వల్ల వోల్టేజ్ పడిపోతే కంప్యూటర్ పనిని సగంలో ఆపేస్తుంది. నాలుగేళ్లు దాటిన బ్యాటరీ అయితే చార్జర్ తగిలించి పెట్టుకోండి.

బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూడండి. పిస్టన్లు లోపలికి వెళ్తుంటే వాటి వెనక ఉన్న ఆయిల్ అంతా ఈ డబ్బాలోకే వస్తుంది. మధ్యలో ఎవరైనా ఆయిల్ పోసి పైగీత దాకా నింపి ఉంటే పొంగి బయటికి కారుతుంది. ఆ ఆయిల్ పెయింటును తినేస్తుంది. కొత్త సిరంజితో కొంచెం తీసి పక్కన పెట్టండి. ఎక్కడైనా చుక్క పడితే గుడ్డతో రుద్దొద్దు, వెంటనే నీళ్లు పోసి కడిగేయండి.

పనిముట్లు పెద్దగా ఏం లేవు. సి క్లాంప్, సాకెట్ సెట్, అలెన్ కీలు, టార్క్ రెంచ్ (బిగువు కొలిచి బిగించేది), వైర్ బ్రష్, బ్రేక్ క్లీనర్ స్ప్రే, గైడ్ పిన్నులకు (కాలిపర్ అటూ ఇటూ జారే కడ్డీలకు) రాసే సిలికాన్ గ్రీజు, కాలిపర్‌ను వేలాడదీయడానికి కాస్త బైండింగ్ వైరు. కారును బట్టి ఒక స్కానర్ (కారు కంప్యూటర్‌కు తగిలించి ఆదేశాలిచ్చే పరికరం).

సర్వీస్ మోడ్‌లో పెట్టడం

పనికి ప్రాణం ఈ అడుగులోనే ఉంది. సర్వీస్ మోడ్ అంటే నట్టును స్క్రూ మీద చివరి దాకా వెనక్కి తెచ్చి అక్కడే ఉంచమని, ఎవరు స్విచ్ లాగినా మోటారును కదపొద్దని కంప్యూటర్‌కు చెప్పడం. అందులోకి వెళ్లే దారి ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉంటుంది.

జీప్ కంపాస్ విషయంలో ఓనర్ మాన్యువల్‌లోనే దారి చెప్పారు. కారు ఆగి ఉండాలి, పార్కింగ్ బ్రేకు వదిలి ఉండాలి, గేరు పి లోనో న్యూట్రల్‌లోనో ఉండాలి. టచ్‌స్క్రీన్ సెట్టింగ్స్‌లో బ్రేకుల విభాగంలో బ్రేక్ సర్వీస్ అనే ఎంపిక నొక్కితే మోటార్లు వెనక్కి తిరుగుతాయి. ఆ మోడ్‌లో ఉన్నంతసేపు ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటే పార్కింగ్ బ్రేక్ లోపం లైటు మెరుస్తూ ఉంటుంది. అది చూసి కంగారు పడొద్దు.

ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లకు స్కానర్ కావాలి. వీసీడీఎస్ (ఈ కార్ల కోసం చేసిన స్కానర్ సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు పాత తరం పస్సాట్, మొదటి తరం టిగువాన్‌లలో 53వ అడ్రస్‌లోని పార్కింగ్ బ్రేక్ మాడ్యూల్‌కు వెళ్లి, బేసిక్ సెట్టింగ్స్‌లో 007 గ్రూపుతో తెరుస్తారు, పని అయ్యాక 006తో మూస్తారు. తర్వాతి తరం కార్లలో ఇదే పని 03వ అడ్రస్‌లోని ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) మాడ్యూల్‌కు మారింది. అక్కడ బేసిక్ సెట్టింగ్స్‌లో లైనింగ్ చేంజ్ మోడ్ (ప్యాడ్లు మార్చే మోడ్) మొదలుపెట్టడానికి ఒకటి, ముగించడానికి ఒకటి ఎంపికలు ఉంటాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్లలో చాలామంది బ్రేకుల పని ఇంటి ముందు డ్రైవ్‌వేలోనే చేసుకుంటున్నారు. అక్కడ ఎక్కువగా తిరిగే ఫోర్డ్ ఫ్యూజన్, ఎఫ్-150 లాంటి వాటికి స్కానర్ లేకుండానే కుదురుతుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, పార్కింగ్ బ్రేక్ స్విచ్‌ను కిందికి నొక్కి పట్టాలి. రెండూ వదలకుండా ఇగ్నిషన్ ఆఫ్ చేసి, 5 సెకన్ల లోపు మళ్లీ ఆన్ చేయాలి. మెయింటెనెన్స్ మోడ్ అని తెర మీద కనిపిస్తుంది. బయటికి రావడానికి ఇదే వరుస, స్విచ్ మాత్రం పైకి లాగి పట్టాలి.

మిగతా కార్లకు ఆ మోడల్ వర్క్‌షాప్ మాన్యువలే ప్రమాణం. లాంచ్, ఆటెల్ లాంటి కంపెనీల స్కానర్లలో ఈపీబీ (ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్) అనే విభాగం ఉంటుంది. కొనే ముందు మీ కారు మోడల్, సంవత్సరం ఆ విభాగంలో ఉన్నాయో లేదో చూసుకోండి. కేవలం ఇంజిన్ కోడ్లు చదివే చౌక బ్లూటూత్ ముక్కలు చాలావరకు ఈ పనికి పనికిరావు.

ఇక్కడ చెవులు పని చేయాలి. ఆదేశం ఇచ్చే ముందు కిటికీలు దించండి, వీలైతే ఒకరిని వెనక నిలబెట్టండి. మామూలుగా బ్రేకు వదిలినప్పుడు జ్... అని చిన్నగా వినిపించి ఆగిపోతుంది. సర్వీస్ మోడ్‌లో అదే చప్పుడు ఇంకా ఎక్కువసేపు సాగుతుంది, రెండు పక్కల నుంచీ వస్తుంది. ఒక పక్క మాత్రమే వినిపిస్తే, తెర మీద పని పూర్తయిందని చూపినా నమ్మొద్దు. రెండో పక్క వైరు, కనెక్టర్, మోటారు చూడాలి.

మోటార్లు ఆగాక ఇగ్నిషన్ ఆఫ్ చేసి, తాళం కారుకు దూరంగా ఇంట్లో పెట్టేయండి. కొన్ని కార్లలో తలుపు తెరిచినా, సీటు బెల్టు తీసినా పార్కింగ్ బ్రేకు దానంతట అదే పడుతుంది. సర్వీస్ మోడ్ దాన్ని ఆపుతుంది నిజమే, కానీ టన్ను బరువుతో మూసుకునే చోట వేళ్లు పెట్టి పని చేస్తున్నాం. పిల్లలు వచ్చి స్టార్ట్ బటన్ నొక్కే అవకాశం కూడా ఉండకూడదు.

కాలిపర్ విప్పడం

ఒకసారి ఒక పక్కే విప్పండి. రెండు కాలిపర్లూ ఒకేసారి విప్పి వేలాడదీస్తే, ఇటు పిస్టన్ నొక్కినప్పుడు ఆయిల్ ఒత్తిడికి అటు పిస్టన్ బయటికి జరగొచ్చు. పైగా రెండో పక్క కదలకుండా ఉంటే, ఏ క్లిప్పు ఎటు పెట్టాలో అనుమానం వచ్చినప్పుడు చూసుకోవడానికి నమూనా ఉంటుంది.

చక్రం తీసి, ఆ చక్రాన్నే కారు కింద అడ్డంగా పడుకోబెట్టండి. ప్యాడ్ల దుమ్మును గాలితో ఊదొద్దు, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి. మోటారు వైరు ఎంత పొడవుందో చూడండి. కాలిపర్‌ను పక్కకు జరిపినప్పుడు వైరు బిగుసుకునేలా ఉంటే దాన్ని పట్టి ఉంచిన క్లిప్పును తీయండి. కనెక్టర్ విప్పాల్సిన అవసరం సాధారణంగా రాదు. విప్పితే మాత్రం మళ్లీ తగిలించే దాకా ఇగ్నిషన్ ఆన్ చేయొద్దు, లేకపోతే లోపం కోడ్ పడుతుంది.

గైడ్ పిన్నుల బోల్టులు విప్పి, కాలిపర్‌ను ప్యాడ్ల మీద నుంచి ఎత్తి, బైండింగ్ వైరుతో స్ప్రింగుకు కట్టేయండి. బ్రేకు హోసు మీద బరువు పడకూడదు. డిస్క్ మీద కనీస మందం అంకె పోతపోసి ఉంటుంది. కొలిచి చూసి, దానికంటే తగ్గితే ప్యాడ్లతో పాటు డిస్క్ కూడా మార్చాల్సిందే.

పిస్టన్‌ను నొక్కడం

ముందు పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు తొడుగును బాగా చూడండి. వేలితో మెల్లగా నొక్కుతూ చుట్టూ తిరగండి. చిరుగు ఉందా, దాని మడతల్లో తడి ఉందా? తడి ఉంటే లోపల సీల్ కారుతోందని అర్థం. అలాంటి కాలిపర్‌కు కొత్త ప్యాడ్లు వేయడం దండగ, ముందు సీల్ కిట్టో కాలిపరో చూడాలి. పిస్టన్ అంచు మీద పేరుకున్న దుమ్ము, తుప్పు పొరను మెత్తటి బ్రష్‌తో, బ్రేక్ క్లీనర్‌తో తుడిచేయండి. అది అలాగే లోపలికి వెళ్తే సీల్‌ను గీరేస్తుంది.

పిస్టన్ ముఖం మీద గాడులు ఉన్నాయేమో చూడండి. కొన్ని కార్లలో లోపలి ప్యాడ్ వెనక చిన్న బొడిపె ఉంటుంది, అది ఈ గాడిలో కూర్చుంటుంది. ఉంటే విప్పినప్పుడు గాడి ఏ దిక్కులో ఉందో ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

ఇప్పుడు పాత ప్యాడ్‌ను పిస్టన్ ముఖం మీద అడ్డంగా పెట్టండి. క్లాంప్ ఒక కాలు ఆ ప్యాడ్ మధ్యలో, రెండో కాలు కాలిపర్ వెనక గట్టి ఇనుము మీద ఉండాలి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. కాలిపర్ వెనక భాగంలో సరిగ్గా మధ్యలో మోటారు ఉంటుంది. క్లాంప్ కాలు ఆ ప్లాస్టిక్ డబ్బా మీద పెడితే అది పగిలిపోతుంది. చోటు దొరక్కపోతే కాలిపర్ లోపలే, పిస్టన్‌కూ ఎదుటి గోడకూ మధ్య పెట్టి విడదీసే రకం పనిముట్టు వాడండి. మోటారు కాలిపర్లకు నిజానికి అదే సుఖం.

నెమ్మదిగా తిప్పండి. పావు చుట్టు, ఆగడం, మళ్లీ పావు చుట్టు. సరిగ్గా వెళ్తున్న పిస్టన్ చేతికి ఎలా తెలుస్తుందంటే, చిక్కటి మందు నింపిన పెద్ద సిరంజిని నొక్కుతున్నట్టు ఉంటుంది. అడ్డు ఉంటుంది, కానీ మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటుంది. నట్టుకు తగిలిన పిస్టన్ అలా ఉండదు. హాయిగా వెళ్తూ వెళ్తూ గోడకు గుద్దుకున్నట్టు ఒక్కసారి ఆగిపోతుంది. ఆ తేడా చేతికి తెలిసిన క్షణంలో ఆపేయండి. పైపులు తొడగొద్దు, సుత్తి అందుకోవద్దు.

తొడుగు మడతలు సమంగా లోపలికి ముడుచుకుంటున్నాయో లేదో చూస్తూ ఉండండి. పిస్టన్ వంకరగా వెళ్తుంటే క్లాంప్ వదులు చేసి, మధ్యలోకి సర్ది మళ్లీ మొదలుపెట్టండి. మధ్యలో ఒకసారి లేచి బ్రేక్ ఆయిల్ డబ్బా చూసి రండి. పిస్టన్ ముఖం కాలిపర్ అంచుతో దాదాపు సమానమయ్యాక ఆపండి. ఇంకా బిగించడం వల్ల లాభం లేదు.

ఈ పని జరుగుతున్నంతసేపు ఎవరూ బ్రేకు పెడల్ తొక్కకూడదు. ఎదురుగా ప్యాడ్, డిస్క్ లేనప్పుడు తొక్కితే పిస్టన్ ఊడి బయటికొస్తుంది, ఆయిల్ అంతా నేలపాలవుతుంది, తర్వాత గాలి తీసే పని కూడా మీద పడుతుంది.

వెళ్లకపోతే

సర్వీస్ మోడ్ సరిగ్గా పడినా పిస్టన్ మొండికేస్తే మూడు కారణాలు చూడాలి. మొదటిది, ఆ పక్క మోటారు అసలు తిరగలేదు. మోడ్ నుంచి బయటికి రాకుండానే మళ్లీ ఆదేశమిచ్చి, మోటారు మీద వేలు పెట్టి అదురు వస్తుందేమో చూడండి. రెండోది, పాత రబ్బరు హోసు లోపల ఉబ్బి మూసుకుపోవడం. దీన్ని తేల్చడం తేలిక. కాలిపర్ బ్లీడర్ స్క్రూకు (ఆయిల్, గాలి బయటికి వదిలే స్క్రూకు) చిన్న గొట్టం తగిలించి, రెండో కొసను సీసాలో పెట్టి, స్క్రూ అర చుట్టు వదులు చేసి నొక్కండి. ఇప్పుడు పిస్టన్ తేలిగ్గా వెళ్తే తప్పు హోసుది. నొక్కడం ఆపే ముందే స్క్రూ బిగించేయాలి, లేకపోతే గాలి లోపలికి పోతుంది. మూడోది నిజంగానే తుప్పు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో బయట నిలిపే కార్లకు ఉప్పుగాలి వల్ల ఇది వస్తుంది. తొడుగు చిరిగిన చోట నుంచి తేమ లోపలికి వెళ్లి పిస్టన్ అంచున గరుకు పొర కడుతుంది. అలాంటిది బలవంతంగా లోపలికి పంపినా, తర్వాత బ్రేకు వదలకుండా పట్టేసి డిస్క్‌ను కాల్చేస్తుంది. మార్చడమే మేలు.

మోటారే చచ్చిపోతే, లేదా స్కానర్ దొరకకపోతే, చేత్తో తిప్పే దారి ఒకటి ఉంది. వైరు విప్పి, మోటారును కాలిపర్‌కు పట్టి ఉంచిన రెండు చిన్న స్క్రూలు తీస్తే మోటారు, గేర్ల డబ్బా మొత్తం ఊడి వస్తుంది. బ్రేక్ ఆయిల్ కారదు, ఎందుకంటే స్క్రూకు లోపల వేరే సీల్ ఉంటుంది. ఆ రంధ్రంలో పళ్ల తల ఒకటి కనిపిస్తుంది. సరిపడే సాకెట్‌తో చేత్తోనే మెల్లగా తిప్పాలి. చాలా కాలిపర్లలో వెనక నుంచి చూస్తే గడియారం ముళ్లు తిరిగే వైపు తిప్పితే నట్టు వెనక్కి వస్తుంది. తిప్పుతుంటే పిస్టన్ బయటికి జరుగుతున్నట్టు కనిపిస్తే దిక్కు తప్పింది. చివర మెత్తగా ఆగిన చోట ఆపి, పావు చుట్టు వదులు చేయండి. పవర్ డ్రిల్లు, ఇంపాక్ట్ రెంచ్ పొరపాటున కూడా వాడొద్దు. మోటారు మళ్లీ బిగించేటప్పుడు దాని చుట్టూ ఉండే రబ్బరు రింగు చెక్కుచెదరకుండా ఉండాలి. అక్కడ నీళ్లు దిగితే ఒక్క వానాకాలంలో మోటారు పోతుంది.

మోటారు కనెక్టర్‌కు నేరుగా బ్యాటరీ వైర్లు తగిలించి తిప్పే వీడియోలు చాలా ఉన్నాయి. దయచేసి ఆ దారిలో వెళ్లొద్దు. నట్టు చివరికి చేరిందని కంప్యూటర్ మోటారు లాగే కరెంటును బట్టి తెలుసుకుని ఆపేస్తుంది. మీ చేతిలో వైరుకు ఆ తెలివి ఉండదు. అర సెకను ఆలస్యమైతే గేర్ల పళ్లు విరుగుతాయి. వైర్లు అటూ ఇటూ మారితే పిస్టన్ బయటికొస్తుంది, మీ వేళ్లు అక్కడే ఉంటాయి.

తిరిగి బిగించడం

గైడ్ పిన్నులు బయటికి తీసి, పాత గ్రీజు తుడిచి, పలచగా సిలికాన్ గ్రీజు రాయండి. వేలితో తోస్తే సాఫీగా జారాలి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను ఇరుక్కుంటుంది. బ్రాకెట్‌లో ప్యాడ్లు కూర్చునే చోటును వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి కొత్త క్లిప్పులు పెట్టండి. ప్యాడ్ చెవులు బిగుతుగా కాకుండా వేలి బలంతో జారాలి. బొడిపె ఉన్న ప్యాడ్ అయితే అది పిస్టన్ గాడిలో కూర్చుందో లేదో వంగి చూడండి. సగం ఎక్కి ఉంటే ప్యాడ్ వంకరగా అరుగుతుంది.

బోల్టుల బిగువు మాన్యువల్‌లో చూసి టార్క్ రెంచ్‌తోనే బిగించండి. గైడ్ పిన్ను బోల్టులకు చాలా కార్లలో తక్కువ బిగువే ఉంటుంది, చక్రం నట్లకు మాత్రం చాలావరకు 100 నుంచి 140 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. గైడ్ బోల్టులను చక్రం నట్లలా బిగించి మరలు చెడగొట్టినవాళ్లను చూశాను. కొన్ని కంపెనీలు ఆ బోల్టులను ప్రతిసారీ కొత్తవి వేయమంటాయి. మరల మీద నీలం రంగు పూతతో వచ్చేవి సాధారణంగా ఆ కోవలోవే.

ఇదంతా అయ్యాక రెండో పక్క మొదలుపెట్టండి.

పెడల్ ముందు, స్విచ్ తర్వాత

రెండు పక్కలా పని పూర్తయ్యాక, సర్వీస్ మోడ్ నుంచి బయటికి వచ్చే ముందే బ్రేకు పెడల్‌ను మెల్లగా పది పదిహేను సార్లు తొక్కండి. మొదట నేలకు దిగిపోతుంది, తర్వాత క్రమంగా గట్టిపడుతుంది. నేల దాకా ఒక్కసారిగా తన్నకుండా సగం సగం తొక్కండి. ఈ వరుస ఎందుకంటే, పిస్టన్లు అప్పటికి ప్యాడ్లకు దూరంగా ఉన్నాయి. ముందే స్విచ్ లాగితే నట్టు ఆ దూరమంతా ఒంటరిగా ప్రయాణం చేయాలి. అనుకున్న సమయంలో ప్యాడ్ తగలకపోతే కంప్యూటర్ లోపం ఉందనుకుని కోడ్ పెట్టేస్తుంది. పెడల్‌తో పిస్టన్‌ను ప్యాడ్ దాకా తెస్తే నట్టుకు పని తేలికవుతుంది.

తర్వాత మోడ్ మూయండి. కంపాస్‌లో అయితే బ్రేకు పెడల్‌ను ఓ మోస్తరుగా తొక్కి పట్టి పార్కింగ్ బ్రేకు స్విచ్ లాగితే సరిపోతుంది. స్కానర్ వాడిన కార్లలో ముగింపు ఆదేశం ఇచ్చే దాకా మోడ్ పోదు. ఆ తర్వాత ఇంజిన్ ఆన్‌లో ఉండగా స్విచ్‌ను మూడు నాలుగు సార్లు లాగి, వదిలి చూడండి. రెండు పక్కలా చప్పుడు సమానంగా రావాలి, చివరికి లైట్లన్నీ ఆరాలి. చేత్తో తిప్పిన కార్లలో నట్టు ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలియదు కాబట్టి కొన్నిసార్లు స్కానర్‌తో క్యాలిబ్రేషన్ (ఆ స్థానాన్ని కంప్యూటర్‌కు మళ్లీ నేర్పడం) చేస్తేగానీ లైటు ఆరదు.

చక్రాలు దించే ముందు పార్కింగ్ బ్రేకు వదిలి, రెండు వెనక చక్రాలనూ చేత్తో తిప్పండి. ప్యాడ్ చిన్నగా రాసుకుంటున్న చప్పుడు వస్తే పరవాలేదు. చెయ్యి బలం సరిపోక ఆగిపోతుంటే మాత్రం నట్టు పూర్తిగా వదల్లేదని అర్థం, మోడ్ మళ్లీ తెరిచి మూయాలి. బ్రేక్ ఆయిల్ కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య ఉండేలా సరిచేయండి. రెండేళ్లు దాటిన ఆయిల్ అయితే ఇదే అదనుగా మార్చేయండి. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక ఆ హద్దు 155కు దిగుతుంది. శ్రీశైలం ఘాట్ దిగుతూ బ్రేకు మీద కాలు పెట్టే ఉంచేవాళ్లకు ఆ తేడా పెడల్‌లోనే తెలుస్తుంది.

మొదటి ఐదు నిమిషాలు వీధిలోనే, నడక వేగంతో, నాలుగైదు సార్లు బ్రేకు వేసి చూడండి. ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10 కిలోమీటర్ల వేగానికి మెల్లగా తగ్గిస్తూ ఎనిమిది పది సార్లు చేయండి, మధ్య మధ్యలో చల్లారనివ్వండి. ఇంటికొచ్చాక రెండు వెనక చక్రాల దగ్గరా అరచెయ్యి దూరంగా పెట్టి వేడి పోల్చండి. ఒకటి మరీ ఎక్కువ సెగ కొడుతుంటే ఆ పక్క పిస్టనో గైడ్ పిన్నో వదలడం లేదు. చివరగా ఏదైనా చిన్న ఫ్లైఓవర్ వాలు మీద ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, పార్కింగ్ బ్రేకు లాగి పెడల్ మీద నుంచి కాలు మెల్లగా తీయండి. కారు ఒక్క అంగుళం కూడా జారకూడదు. వంద కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లను టార్క్ రెంచ్‌తో మరోసారి చూసుకోండి.